ఒగ్గీ

ఫ్రిజ్ తలుపు పట్టీలోంచి లాగిన సూదంటురాయి
మొదటి రోజే ఓడిపోయింది.
గుండుసూది ముందు పెడితే సూది కదిలింది గానీ
పిలవని పేరంటానికి వెళ్తున్నట్టు కదిలింది.

నెట్ సెంటరు కుర్రాడు, పాడైన కంప్యూటరు పొట్ట చీల్చి
వంకర బిళ్ల ఒకటి ఇచ్చాడు.
వెండి మెరుపు. వేలి చర్మాన్ని కొరికి గానీ వదల్లేదు.
పట్టాల కింద అతికించి బండి నడిపితే
దాటిపోయిన వ్యాగన్ వెనక్కి నడిచొచ్చి
దాని నెత్తి మీదే నిలబడిపోయింది.
తప్పు దానిది కాదు, నా ఇరుసులు ఇనుపవి.
కంసాలి దగ్గర ఇత్తడి తీగ తూకానికి కొని
పద్నాలుగు ఇరుసులూ మార్చాను.
మార్చాక కూడా ఆ బిళ్లంటే నాకు భయం పోలేదు.

చివరికి గుణుపురం రోడ్డులో
మైకుసెట్లు బాగుచేసే పొట్నూరు కామేశం
చిరిగిన స్పీకరు బోర్లించి ఒక్క దెబ్బ వేసి
నల్లటి చక్రం నా చేతిలో పెట్టాడు.
"రాయగడ పెళ్లిళ్లన్నీ దీంట్లోంచే అరిచాయి మేస్త్రీ."
ఇంటికి తెచ్చి పగలగొట్టాను.
ముక్కముక్కకీ దాని ఉత్తరం, దాని దక్షిణం
అప్పటికప్పుడు పుట్టుకొచ్చాయి.

పట్టాలకి లోపలివైపు అటో ముక్క, ఇటో ముక్క.
ఒకదానికి ఉత్తరం పైకి, రెండోదానికి దక్షిణం.
కొక్కేల కింద వేలాడే సన్నటి ఉక్కుతోకలు
చెరో పక్కకీ ఒత్తిగిలి
కొక్కేలు నోళ్లు తెరవాలి.
తెరవవు. ఇంజను ఆగి, నువ్వుగింజంత
వెనక్కి వస్తేనే తెరుస్తాయి.
బిగిసున్నదాన్ని ఏ రాయీ విప్పలేదు.
ఇది నాకు ముప్పై ఒక్క ఏళ్లుగా తెలుసు,
యార్డులో, నడుం వంచి, బఫర్ల మధ్య.

అటు పక్క నేను, ఇటు పక్క జలంధర్ కడ్రాకా.
నేను "ఒగ్గీ" అనేవాణ్ణి, అతను "ఛాడ్" అనేవాడు.
రెండు మాటలూ పడితేనే సంకెల ఎత్తేవాళ్లం.
నాగావళి పొంగిన ఏడు, ఒక వాన రాత్రి,
పక్క లైన్లో ఎవడో ఎవడికో వేసిన కేక
మా డ్రైవరు చెవిన పడింది.
వ్యాగన్లు కదిలాయి.
జలంధర్‌వి రెండు వేళ్లు.

నిన్న తెరువలి బస్సు దిగి వచ్చాడు, బండి చూస్తానని.
గుగ్గిలం చెక్క పేడుల వ్యాగన్లు, ప్లైవుడ్డు యార్డు,
చుట్టూ వంగి చూశాడు. బాగుందన్నాడు.
బండి ఆపి చూపించబోయాను. ఎక్కడో ఆగింది,
ఆగిన చోట నా రాళ్లున్నాయి,
నేను అడక్కుండానే మూడు వ్యాగన్లు
తోక తెంచుకుని ఉండిపోయాయి.
నవ్వుతాడనుకున్నాను.
"ఎవరు చెప్పారు దీనికి?" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
తెల్లవారకముందే పలక కిందికి దూరి
రాళ్లని పట్టాల కింద నుంచి ఊడదీశాను.
కత్తిరించిన ఐస్‌క్రీం పుల్ల మీద బిగించి
పాత ట్రంకుపెట్టె బందుతో తిరగేసేలా అమర్చాను.
ఇప్పుడవి పడుకునుంటాయి. పైన ఎంత బండి పోయినా
ఎంతసేపు ఆగినా వాటికి పట్టదు.
గాలిపటం దారం ఒకటి బల్ల అంచు దాకా తెచ్చాను.
లాగితే లేస్తాయి.

దారం జలంధర్ మూడు వేళ్లకి చుట్టుకున్నాడు.
ఇంజను వచ్చింది. ఆగింది. గింజంత వెనక్కి తగ్గింది.
నేను వెంటనే అనలేదు.
అటూ ఇటూ చూశాను, పక్క లైను ఖాళీ అని తెలిసీ.
"ఒగ్గీ."
"ఛాడ్" అంటూ లాగాడు.

టిక్కుమని ఒక చిన్న చప్పుడు.
రెండు వ్యాగన్లు ఊడాయి.
మూడోది ఊడలేదు, దాని తోక ఒక వెంట్రుకవాసి పొట్టి.
పటకారు ఎక్కడ పెట్టానో
ఇద్దరం వెతుకుతున్నాం.