కొక్కెం జెండా

మిర్యాలగూడ, బియ్యం మిల్లుల రోడ్డు.
హమాలీ సంఘం జెండా మీద ఏమేం ఉండాల్నో
రెండు పేజీలు రాసుకొని పోయిన:
వరి కంకి, కాంటా, బస్తా, బిగించిన పిడికిలి,
లారీ, లారీ ఎనుక సూర్యుడు,
సంఘం పేరు, రిజిస్టర్ నంబరు,
పోయినేడు చచ్చిపోయిన పెద్దమేస్త్రి గురవయ్య మొఖం.

మేర ఈదమ్మ కాయితం చదివి, మడిచి
ఊగుతున్న మిషను కాలు కింద పెట్టింది.
"జెండానా ఇది, పెండ్లి పత్రికనా?"

ఎండకాలం గాలుండదు,
గుడ్డ చచ్చిన పావురం తీరు కర్రకు వేలాడుతది,
అప్పుడు నీ నంబరు ఎవడు చదువుతడన్నది.
ఎనుక నుంచి చూసేటోనికి మీ పేరు తిరగబడుతది,
సగం ఊరు ఎప్పుడూ ఎనుకనే ఉంటది కద అన్నది.
గురవయ్యను ఇంట్ల గోడకు పెట్టుకోరి.
మొదటి వానకు మీసం కారి గడ్డమైతది.

రంగులు రెండు చాలు.
మూడోది అడిగితే ఎందుకో చెప్పాలె.
పసుపు మీద తెలుపు వద్దు,
అన్నంల ఉప్పు తీరు కలిసిపోతది.
ఎరుపా? ఈ రోడ్డు మీద ఎరుపు ఇప్పటికే నలుగురిది.

బొంగరమాడే సైదాగాన్ని పిలిచింది.
నా కాయితం పది లెక్కపెట్టేదాక చూపించి
చేతిల సుద్దముక్క పెట్టింది.
వాడు లారీ ఒక్కటే గీసిండు,
అదీ మూడు టైర్లతోని.

అప్పుడు నా నడుము దిక్కు చూసి
"గదేంది?" అన్నది.
కొక్కెం. బస్తా గుంజే కొక్కెం.
ఇరవై ఏండ్ల సంది అక్కడ్నే ఉన్నది,
నా రెండు పేజీలల్ల లేదు.
సైదాగాడు చెయ్యి ఎత్తకుంట
ఒక్క గీతల గీసిండు.

లారీ నంబరు ప్లేటు తీరు
పసుపు మీద నలుపు. నలభై జెండాలు.
అక్షరానికి రెండు రూపాయలు తీసుకునే మనిషి
ఒక్క అక్షరం కుట్టలే.

కూలి రేటు కోసం పని బంద్ పెట్టిననాడు
మంచి గాలుండె.
సేటు గేటు లోపలి నుంచి చూసిండు.
ఆయన దిక్కు జెండా ఎనుక భాగం.
కొక్కెం తిరగబడి
ప్రశ్న గుర్తయి కనవడ్డది.
కింద చుక్క లేదు.
చుక్క ఉండాల్సిన జాగల
మేం నిలబడ్డం.

ఈ ముచ్చట చెప్తే
ఈదమ్మ దారం పండ్లతోని కొరికి
"అది నేను కుట్టలే" అన్నది.
ఇంకా మూడు వందలు బాకీ ఉన్నరని
యాది చేసింది.