పొంతన

నయీంనగర్ నాలా పక్క సందుల
మా కార్డుల దుకాణం.
ఓదెలు పెన్‌డ్రైవ్ వెట్టి,
"ముందుగాల చూస్తనే అన్నా,
కొత్త విండోస్ ఎక్కుతదా లేదా" అన్నడు.

తెర ఒక్కొక్కటే అడుగుతాంది.
ర్యామ్ సాలు.
జాగ సాలు.
ప్రాసెసర్ కాడ ఆగింది. ఎర్ర గుర్తు.
దాని కింద ఇంకోటి, భద్రత చిప్పు లేదట.

పెండ్లి కార్డులు కొట్టేటోనికి
పొంతన కుదరలేదంటే కొత్తేం గాదు.
అచ్చు వడ్డంక లగ్గం తప్పిన కార్డులు
అటక మీద రెండు కట్టలున్నయి,
వాటెనుక తెల్లదిక్కు ఉద్దెర లెక్కలు రాస్త.

"ఫాంట్ల సంగతి అడిగిందా?"
"అది గవన్నీ అడగదే."

వెనుక పోర్టుకు అగ్గిపెట్టెంత తాళం,
పద్దెనిమిదేండ్ల సంది పీకలే.
అది లేకుంటే నా తెలుగంత
డాలర్ గుర్తులు, కొక్కేలు, సగం సున్నలు.
'ళ్ళ' కింది వత్తు విరుగుతాంటె
రెండు రాత్రులు కూసోని నేను గీసిన వత్తు గూడ
అండ్లనే ఉన్నది.

ఇంతల గీసుకొండ నుంచి ఒకామె.
"మా బాపు దశదినకర్మ కార్డు.
పేరు తప్పు వోవద్దు.
బొల్లం కొమురెళ్ళి."

వెతికిన. పన్నెండేండ్ల కింది ఫైలు,
ఆమె లగ్గం కార్డే.
ఆహ్వానించువారి కాడి పేరు
ఎట్లున్నదో అట్లనే తెరుచుకున్నది.
కాపీ చేసి
ఫొటో కింద వెట్టిన.

ఓదెలు నెట్ వైరు పీకి
చేతికి సుట్టుకున్నడు.
"బిల్లులకు ఇంకోటి కొను. దీన్ని ముట్టకు."

ఆమె ప్రూఫ్ మీద వేలు వెట్టి
మెల్లగ చదువుతాంది.