నాలుగోది

ఏడు వరాలు ఊపిరి తియ్యకుంట చెప్పాలంటడు
ఉపదేశి చిన్నప్ప.
జ్ఞానం, వివేకం, సదుపదేశం...
నాలుగోది కాడ నాకు నాలుక మడతపడ్తది.
రేకుల కింద మే నెల.
బత్తాయి తోటల మీంచొచ్చే మర్రిగూడ వడగాలి
ప్రశ్నోత్తరాల పుస్తకం తనే తిప్పుకుంటది.

నాకు జ్ఞానతల్లి శౌరమ్మ.
వద్దన్నోళ్లున్నరు.
బోరునీళ్లు తాగి తాగి కొడవలైన నడుము,
రొమ్ము దాటి లేవని చెయ్యి,
పీఠాధిపతుల ముందర ఎట్ల నిలబెడ్తవే అని.

శౌరమ్మ ఏమనలె.
నన్ను గోడకు నిలబెట్టి
భుజం ఎత్తుకు బొగ్గుగీత కొట్టింది.
దీపాలు పెట్టినంక రోజూ
సున్నం మీద వేళ్లు పైకి పాకించేది
పాత సాలీడు లెక్క.
ఎంత దాక పోతే అంత దాక ఇంకో గీత.
రెండు నెలలల్ల నేనొక అంగుళం పెరిగిన.
పై గీత మాత్రం ఇద్దరం జరపలె.

ఆ ఆదివారం వరుసల నిలబడ్డం.
మా ఇంట్ల ఏ నూనెకూ లేని వాసన.
వెనుక ఎముకల చప్పుడు.
చెయ్యి నా రెక్క దాక వచ్చి ఆగింది.
పీఠాధిపతులూ ఆగిండ్రు,
తైలం మెరిసే బొటనవేలు గాలిల.

నా మోకాళ్లు కొంచెం వంగినయి.
చిన్నప్ప పాఠాలల్ల అది లేదు.

నుదుటి మీద చల్లగ సిలువ.
ఆమెన్ అన్న, గొంతు నాదేనా అనిపించింది.

ఎక్కినంత కష్టమేనట దిగడం.
షామియానా కింద పులిహోర పంచే కాడి దాక
ఆ చెయ్యి నా భుజం మీదనే ఉంది.