నాలుగడుగుల దూరం

కొమ్ముతో చేసిన కొంగ అమ్ముడుపోయాక
దాని మెడ ఎటు వంచానో నాకే గుర్తుండదు.
పదకొండేళ్లలో ఎన్ని దువ్వెనలు, ఎన్ని నెమళ్లు,
వెంట్రుకంత సన్నగా మీసం తీసిన రొయ్యలెన్ని
గడ్డిలో చుట్టుకుని పర్లాకిమిడి దాటిపోయాయో.
నాకు మిగిలింది పొట్టు,
బట్టలు ఉతికినా పోని కాలిన కొమ్ము వాసన.

అందుకే కెమెరా.

పాతపట్నంలో కొత్తది పద్నాలుగు వందల యాభై.
బరంపురంలో అదే పెట్టె, అదే బొమ్మ, పదమూడు వందలు,
రానూపోనూ బస్సుకి ఎనభై.
మిగిలే డెబ్బై ఒక రీలుకి కూడా చాలదు.
అసలు నా చేతిలో ఉన్నదే
నెమలి అమ్మిన తొమ్మిది వందలు.

రాజవీధి మలుపులో దైతారి పాత్రో స్టూడియో.
ఒడియాలో లెక్కపెట్టుకుని తెలుగులో ధర చెబుతాడు.
గాజుబల్ల మీద గుడ్డ పరిచి
మూడు పాతవి పెట్టాడు.
ఒకటి తాబేలులా మెడ చాచి ముడుచుకునేది,
చెడితే బాగుచేసేవాడు కటకంలో కూడా దొరకడట.
రెండోది దూరం తనే చూసుకుంటుంది, ఎనిమిది వందల యాభై.
మూడోది ఆరు వందలు. ఒకే కన్ను, ఒకే చూపు.
"నాలుగడుగులు దాటితే అన్నీ బాగా కనిపిస్తాయి బాబూ,
నాలుగడుగుల్లోపు మాత్రం గుడ్డిది."

ఆ ఆఖరి మాట నా చెవికెక్కలేదు.
ఆరు వందలు అన్నదే ఎక్కింది.

కొమ్ము కొనేటప్పుడు పగులు వెతికినట్టు వెతికాను:
సెల్లు గదిలో పచ్చ తుప్పు లేదు,
మూత అంచున నల్ల స్పాంజి జిగురవలేదు,
గాజుని ఎండకెత్తి బూజు చూశాను.
మీట నొక్కితే టిక్కుమంది.
ఖాళీ కెమెరా ఏ మాటా ఇవ్వదు.

నూరు నంబరు రీలు అడిగితే
"మీ పాక చీకటి, రెండొందలది పట్టుకెళ్లు" అన్నాడు. అది మాత్రం విన్నాను.
పెన్సిల్ సెల్లు రెండు.
మణికట్టు తాడు ఊరికే ఇచ్చాడు.
రెక్సిన్ సంచి వద్దన్నాను,
మా పాకలో పాలిష్ పట్టే గున్నమ్మ
నా పాత ప్యాంటు జేబు కోసి సంచి కుట్టింది.

ఫ్లాష్ వేస్తే నల్లకొమ్ము మీద తెల్ల పొక్కు లేస్తుంది కదా అని
గుమ్మం దగ్గరి వెలుతురులోకి ముక్కాలిపీట జరిపాను.
కొంగని పెట్టాను. దగ్గరికి వెళ్లాను.
ఇంకా దగ్గరికి.
జానెడు దూరంలో బతికిన కళ్లు నావి,
ఇంకోలా చూడ్డం ఎవరు నేర్పారు?

ముప్పై ఆరూ అయిపోయాయి.
బరంపురం వెళ్లి తొమ్మిదో రోజుకి తిరిగొచ్చాయి.

కొంగ మంచులో ఉంది.
రొయ్య, ఎవరో చెరిపేసిన మాట.
ప్రతి బొమ్మలోనూ వాటి వెనక
గోడకి చేరబడి గున్నమ్మ, సూదితో గీసినంత స్పష్టంగా.
మోచేతి దాకా తోసుకున్న గాజు,
బొగ్గుపొడి అద్దిన నూనెగుడ్డ,
సగానికి అరిగిపోయిన బొటనవేలి గోరు.
ఒక్కదాంట్లో తలెత్తి
"అయిపోనాదా?" అంటోంది నన్ను.

కొన్నవాళ్లు ఎవరు చేశారని అడిగినప్పుడల్లా
నేనే అన్నాను.
మెరుపు మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"చెప్పాను కదా" అన్నాడు పాత్రో, "రెండోది మార్చుకో,
రెండొందల యాభై కట్టు చాలు.
అయినా అదీ రెండడుగుల దాకానే."
మార్చుకోలేదు. ఇంకో రీలు కొన్నాను.
సరైన పనే చేశానో లేదో ఇప్పటికీ తెలీదు,
రొయ్య మీసాలు ఇప్పటికీ ఏ బొమ్మలోనూ లెక్కకి రావు.

గున్నమ్మ బొమ్మలన్నీ తిరగేసి
"నా మొకం ఇలగుంటాదా?
కొంగేది మరి?" అంది.

మణికట్టు తాడుకి నాలుగడుగుల దారం ముడేశాను.
రెండో కొస ఆమె పట్టుకుంది,
ఇంకో చేతిలో రొయ్య.
"బేగి తియ్యి బాబూ,
నూనె ఆరిపోతే మళ్లీ నానే రుద్దాల."