మరిగె వంచకు

కంసాలి గల్లీల మోరీ మన్ను కడిగి బతికినోళ్లం.
ఈయేడు వరంగల్ మోరీలకు సిమెంటు బిళ్లలేసిండ్రు.
అందుకే తాడ్వాయి అవుతల ఈ వాగు,
మోకాళ్లలోతు చలి, చిన్నమ్మ చెక్క మరిగె.

తిప్పుతున్న. నల్ల ఇసుక అంచుకు జారుతున్నది.
అడుగున మూడు నలుసులు,
ఆవగింజను చీరినంత.

పిట్టలు బందైనయి.

అవుతలొడ్డున రేచుకుక్కలు. ఐదు. కాదు, ఏడు.
మూతులు ఇంకా ఎర్రగ తడి.
నీళ్లు తాగుకుంట మా దిక్కు చూసినయి,
తూకం కాడ సేటు చూసినట్టు.

"ఉరకకు" అన్నది చిన్నమ్మ, పెదవి కదలకుంట.
"మరిగె వంచకు."

ఎంతసేపో.
అరికాళ్ల కింది ఇసుకను
వాగు గుంజుకపోతనే ఉన్నది.

ఒకటి ఈలేసింది. పోయినయి.

అప్పుడు వణికినయి చేతులు.
మరిగెల రెండే నలుసులు.

"వాగు పాలు వాగు తీసుకున్నది"
అన్నది చిన్నమ్మ,
తడిసిన బీడీని తిట్టుకుంట.