పద్నాలుగు వారాలు

స్కాన్ కాగితం మీద రాశారు,
గర్భాశయం పద్నాలుగు వారాల సైజు అని.
నలభై ఏడేళ్ళకి
ఎవరికీ పేరు వెతకనక్కర్లేని వారాలు.

పెరంబూరు డాక్టరమ్మ దాన్ని గర్భప్పై అంటుంది.
పై అంటే వాళ్ళకి సంచి.
మాకేమో పై అంటే మీద, ఆ తర్వాత, ఇకముందు.
"ఎడుత్తుడలాం మా" అంది,
కూరల సంచి గుమ్మానికి అడ్డంగా ఉంది, తీసేద్దాం అన్నంత తేలిగ్గా.
తొందరేం లేదు, ఆలోచించుకో అనీ అంది.

బ్యాంకులో క్యాషు చూస్తాను నేను.
క్యూ గేటు దాకా ఉన్నప్పుడు
వెచ్చగా ఏదో జారుతుంది.
కట్ట మధ్యలో లెక్క ఆపకూడదు.
అరవై మూడు, అరవై నాలుగు,
కళ్ళకి చీకటి,
అరవై అయిదు.
కుర్చీలో నల్ల టవలు. బీరువాలో అన్నీ ముదురు రంగులే.
ఆడి డిస్కౌంటులో కొన్న చందనం రంగు నూలుచీర
రెండేళ్ళుగా మడత విప్పలేదు.

రక్తం ఏడున్నరే ఉంది.
స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి సగం ఎక్కి ఆగిపోయి
ఫోను చూసుకుంటున్నట్టు నిలబడతాను.

కోవూరులో పెంచలమ్మ పిన్నికి
ఇరవై తొమ్మిదికే తీసేశారు.
నడుం నొప్పని వెళ్తే.
"ఇద్దరు పుట్టారుగా, ఇంకా సంచెందుకు" అన్నారట.
అన్నదెవరో గుర్తులేదట,
బాబాయో, అత్తో, ఇంజెక్షన్లు వేసే ఆయనో.

మొన్న ఫోన్ చేశాను.
తర్వాత ఎలా ఉంటుంది పిన్నీ?
చాలాసేపు అవతల కుక్కర్ ఒక్కటే మాట్లాడింది.
"ఏమోనే. నెలకోసారి మూల కూర్చునేదాన్ని.
ఆ మూడు రోజుల సెలవూ పోయింది."
నవ్వింది. గొంతు తగ్గించి,
"నిన్ను అడిగారా?"
అడిగారు.
"అడిగారా" అంది మళ్ళీ,
నేనేదో తెలియని ఊరి పేరు చెప్పినట్టు.

వరదరాజులు నీ ఇష్టం అన్నాడు.
మంచివాడే. కానీ ఆ మాట
ఒక్కోసారి తలుపు దగ్గరగా వేసి వెళ్ళడంలా ఉంటుంది.
యామిని హాస్టల్ నుంచి మెసేజ్ పెట్టింది:
అండాశయాలు ఉంచుతారేమో అడుగు. అది ముఖ్యం.
దానికి ప్యాడ్ పెట్టుకోవడం చూపించిన చేత్తోనే
సరే అని టైపు చేశాను.

మాత్రలతో ఇంకొన్నాళ్ళు లాగొచ్చు.
ముట్లుడిగితే అదే కుంచించుకుపోతుందట.
ఎప్పుడుడుగుతాయో ఏ కాగితం మీదా లేదు.

దీన్ని గుడి అనను, అమ్మ అనను.
ముప్పై నాలుగేళ్ళ సర్వీసు ఉన్న మనిషి అంటాను.
పెట్టినవి రెండే సెలవులు.
ఒకటి తొమ్మిది నెలలు.
ఇంకోటి, యామినికి ముందు,
పద్నాలుగు వారాలే.

నిన్న ఒక పెద్దాయనకి అయిదొందల నోటు ఎక్కువిచ్చేశాను.
మధ్యాహ్నం ఎండలో వెనక్కొచ్చి ఇచ్చి,
"ఒళ్ళు బాలేదామ్మా" అన్నాడు, తెలుగులోనే.
బాలేదండీ అన్నాను.
ఇన్నాళ్ళకి ఒకరితో అన్నాను.

మార్చి లెక్కలు ముగిశాక,
ఏప్రిల్ తొమ్మిది చుట్టూ సున్నా చుట్టాను,
పెన్సిల్‌తో.
బ్యాంకులో పెన్సిల్ చెల్లదు.
ఇంట్లో, ఇవాళ్టికి, చెల్లుతుంది.