అరసున్న

గ్రిమ్స్‌బీలో సోమవారం పొద్దున
చేపల వాసన కంటే ముందు
తెర వెలుగుతుంది.
పన్నెండు వ్యాన్లు, పన్నెండు గీతలు.
పచ్చవి పది, పసుపుది ఒకటి,
ఎర్రబడ్డది ఏడో నంబరు.

దాని గురువారాల కింద వరసగా సున్నాలు.
తొమ్మిది వారాలకి తొమ్మిది,
ఐసు మీద పరిచిన చేపల కళ్ళలా
రెప్ప వెయ్యకుండా.

ఆలర్టన్ టీ కప్పు దించకుండానే అన్నాడు:
"ఆపేద్దాం. లెక్క చెబుతోందిగా."

చెబుతోంది, నిజమే.
ఆ తెర కట్టింది నేను.
నేను నేర్పిన మాటలే
నాకు అప్పజెబుతోంది.

ఒక్క చేపా అమ్మని బండి
ప్రతి గురువారం డీజిల్ ఎందుకు తాగినట్టు?
సాయంత్రానికి ఖాళీ పెట్టెలు
కడగడానికి ఎలా వచ్చినట్టు?
డీజిల్ పద్దు మేడమీది గదిలో,
పెట్టెల పద్దు కింద, తడిసిన పుస్తకంలో,
అమ్మకాలు నా దగ్గర.
ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్ళు.

తర్వాతి గురువారం
డోరీన్ టాస్కర్ పక్క సీట్లో కూర్చున్నాను.
సాల్ట్‌ఫ్లీట్ దగ్గరికొచ్చేసరికి
ఆమె చేతిలోని యంత్రంలో
సిగ్నల్ గీతలు ఒక్కోటీ రాలిపోయాయి.
ఆమె దాన్ని గ్లవ్ బాక్సులో పడేసి
చెవి మీంచి పెన్సిల్ తీసింది.

మిసెస్ పెల్, రెండు హాడాక్, తోలు తీసి.
చివరి కారవాన్, నాలుగు కిప్పర్లు.
రెజ్, డబ్బులు వచ్చే వారం.

కాకి లెక్కలనుకున్నాను.
నెత్తిమీద సముద్రపు పక్షులే తప్ప
ఒక్క కాకీ లేదు.
మొత్తం కూడితే
పెన్నీతో సహా సరిపోయింది.
శుక్రవారం ఆఫీసులో ఎవరో ఆ డబ్బుని
"ఇతరాలు" అన్న గడిలోకి తోసేస్తున్నారు,
ఎవరి బిడ్డో తెలియనట్టు.

అమ్మకం లేకపోతే సున్నా.
కబురు రాకపోతే ఖాళీ.
ఖాళీ కనబడితే సున్నా వెయ్యమని
రెండేళ్ళ కిందట, వాన పడుతున్న సాయంత్రం,
బస్సు పోతుందన్న తొందరలో
ఒక్క వరస రాశాను.
ఆ ఒక్క వరసే
డోరీన్ ఉద్యోగం దాకా నడిచొచ్చింది.

పాత పుస్తకాల్లో అరసున్న ఉండేది.
రాసేవాళ్ళు, పలికేవాళ్ళు కాదు.
అక్కడొకప్పుడు ఒక శబ్దం ఉండేదని గుర్తు, అంతే.
నేను బడికెళ్ళేసరికే
దండగని తీసేశారు.
దాన్ని ఇన్నాళ్ళకి తెర మీద కూర్చోబెట్టాను,
బూడిద రంగులో.

"ఈ బూడిదేమిటి?" అన్నాడు ఆలర్టన్.
"మనకి తెలియదు అని."
"తెలియదని చూపించడానికా నీకు జీతం?"
"కొంతవరకు అందుకే."
అతను నవ్వలేదు.
కానీ ఆ సోమవారం ఏ బండీ ఆపలేదు.

ఇక్కడితో ఆగితే బాగుండేది.

డీజిల్‌నీ పెట్టెల్నీ అమ్మకాల్నీ
ఒకే వరసలో కూర్చోబెట్టాక
ఏడో నంబరు పచ్చబడింది,
ఇన్నాళ్ళూ పచ్చగా ఉన్న నాలుగో నంబరు
మెల్లగా ఎర్రబడింది.
నాలుగో నంబరు క్లైవ్‌ది.
క్రిస్మస్‌కి కాగితంలో చుట్టి
నాకు పొగబెట్టిన సాల్మన్ ఇచ్చినవాడు.

తప్పు పట్టుకుందామనే వెళ్ళాను,
మూడు వారాలు, అతని పక్క సీట్లో.
సిగ్నల్ నిండుగా ఉంది.
తలుపులు తెరుచుకోలేదు.
అక్కడి సున్నా నిఖార్సైన సున్నా.

మార్చిలో ఆ బండి ఆగింది.
క్లైవ్‌ని ఐసు గదిలోకి మార్చారు.
నడవాలో ఎదురైతే తల ఊపుతాడు.
నేనూ ఊపుతాను.

డోరీన్‌కి కొత్త యంత్రమిచ్చారు,
సిగ్నల్ లేకపోయినా
లెక్క కడుపులో దాచుకుంటుందట.
"మంచిదే" అంది తిప్పి చూసి.
పెన్సిల్ మాత్రం
చెవి మీంచి తియ్యలేదు.